మెడికల్ కాలేజీ మంచిదో కాదో దేన్ని చూసి తేల్చుకోవాలి?

గోదారిగట్టు:
కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టాలి. ఫీజు, కటాఫ్ గురించి అందరూ చెబుతున్నారు. చదువు నాణ్యతను బయటివాళ్లం ఎలా పసిగట్టాలి? ప్రతి బ్రోషర్‌లోనూ ‘సామాజిక బాధ్యత’ అని ఉంటోంది. దాన్ని కొలిచే దారి ఏదైనా ఉందాండీ?

వార్డురౌండ్స్:
బిల్డింగులు వదిలేసి రోగుల్ని చూడండి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నిబంధనల ప్రకారం 150 సీట్లకు 605 పడకలు ఉండాలి, ఏడాది సగటున 80 శాతం నిండాలి. అంటే మామూలు రోజున దాదాపు 480 మంది ఇన్‌పేషెంట్లు. ఓపీ లెక్కను మాత్రం నమ్మొద్దు, బస్సులేసి జనాన్ని తెచ్చి పెంచేయొచ్చు. కాన్పులు, రాత్రి క్యాజువాలిటీ అడ్మిషన్లు అలా పెంచలేరు. ఉదయం పదింటికి మెడిసిన్ వార్డు వైపు, రాత్రి తొమ్మిదికి క్యాజువాలిటీ వైపు ఓ చుట్టు చుట్టి రండి. ఆరోగ్యశ్రీ (ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ) కౌంటర్ ఖాళీగా ఉంటే పేదరోగులు రావట్లేదనే.

హౌస్‌సర్జన్లను (ఇంటర్న్‌లను) ఒకటే అడగండి: సొంతంగా ఎన్ని కాన్పులు చేశారు, ఎన్ని కుట్లు వేశారు? ‘లాగ్‌బుక్‌లో ఉంది’ అంటే అనుమానించాల్సిందే. చేసిన పనులు రోజూ రాసుకోవాల్సిన ఆ పుస్తకం చాలాచోట్ల పరీక్షల ముందు ఒకే విడతలో నిండుతుంది.

గోదారిగట్టు:
జిల్లాల్లో కొత్తగా వచ్చిన ప్రభుత్వ కాలేజీలో?

ఎస్‌పీఎంబెంచీ:
పాత జిల్లా ఆసుపత్రికే కాలేజీ తగిలించారు కాబట్టి రోగులకు లోటుండదు, లోటల్లా పాఠం చెప్పేవాళ్లకే. ప్రొఫెసర్ పోస్టులు నిండాయా, డిప్యుటేషన్ మీద నడుపుతున్నారా అని సెకండియర్ పిల్లల్ని అడగండి. అయినా రోగుల్లేని కాలేజీ కన్నా నా ఓటు దీనికే. థియరీని పుస్తకంతో పూడ్చుకోవచ్చు, వార్డును పూడ్చుకోలేం.

సామాజిక బాధ్యతకు కొలత ఉంది. 1995లో డబ్ల్యూహెచ్‌ఓ కోసం బోలెన్, హెక్ అనే వైద్యవిద్యా నిపుణులు ఒక పట్టిక ఇచ్చారు. స్థానిక అవసరానికి తగినదా, నాణ్యత, ఖర్చుకు తగ్గ ఫలితం, అందరికీ సమానంగా అందడం అని నాలుగు విలువలు. ఒక్కోదాన్నీ ప్రణాళిక, అమలు, ప్రభావం అనే మూడు దశల్లో చూడాలి. మన కాలేజీలు ఎక్కువగా అమలు దగ్గరే ఆగుతాయి. ఫ్యామిలీ అడాప్షన్ కింద విద్యార్థికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు, ఫొటోలు దిగుతారు. మూడేళ్ల తర్వాత ఆ ఇళ్లలో ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందో చెప్పగలిగితేనే ప్రభావం గడి నిండినట్టు. శ్రీకాకుళంలో ఉద్దానం కిడ్నీ జబ్బు, నల్లగొండలో ఫ్లోరోసిస్, పాడేరులో సికిల్ సెల్ (వంశపారంపర్య రక్తజబ్బు): వీటిపై ఫీల్డ్ పోస్టింగ్ ఉందా, సెమినార్‌తో సరిపెడుతున్నారా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

చీటీరాత:
ఆ గడుల్నీ కాగితం మీద నింపేస్తారు లెండి, మనవాళ్లకు కొత్తా! ఇంకొకటి: ‘డబ్ల్యూఎఫ్‌ఎంఈ (ప్రపంచ వైద్యవిద్యా సమాఖ్య) గుర్తింపు’ అని బోర్డు కనిపిస్తే మోసపోకండి. 2023లో ఆ గుర్తింపు పదేళ్లకు వచ్చింది ఎన్‌ఎంసీకి, ఏ ఒక్క కాలేజీ నాణ్యతకూ అది సర్టిఫికెట్ కాదు. దానికన్నా ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్య విభాగం) 12 వారాలు ఎలా గడుస్తాయో కనుక్కోండి. పల్లె ఆరోగ్య కేంద్రంలో ఇంటర్న్‌లు ఉండటానికి గదులున్నాయా, వాటిలో ఎవరైనా ఉంటున్నారా? సంతకం పెట్టి పీజీ కోచింగ్‌కు పోయే చోట ఆ గదులకు తాళాలే ఉంటాయి.