“నమ్మనే నమ్మను”: తోమా అన్న మాటలో తెలుగు ఎంత, గ్రీకు ఎంత?

ప్రశ్న: యోహాను సువార్త 20:25 పాత తెలుగు అనువాదంలో, సిలువ మీద చనిపోయిన యేసును మళ్లీ చూశామని తోటి శిష్యులు చెప్పినప్పుడు తోమా అన్న మాట “...నా చెయ్యి ఆయన ప్రక్కలో ఉంచితేనే గాని నమ్మనే నమ్మననెను” అని ఉంది. ఈ “నమ్మనే నమ్మను” అనువాదకులు పలుకుబడి కోసం వేసుకున్నదా, మూలంలోనే అంత ఒత్తు ఉందా? రెండో సందేహం వ్యాకరణానిది. మొదటి “నమ్మనే”ని నమ్మను + ఏ అని విడగొట్టవచ్చా?

జవాబు: మూలంలో ఉందండీ. గ్రీకులో “ఊ మే పిస్తెఉసో”. ఊ అన్నా మే అన్నా “కాదు, వద్దు” అనే వ్యతిరేకార్థమే. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, నిషేధం రెట్టింపవుతుంది. రాబోయే కాలం గురించి “ససేమిరా జరగదు” అని చెప్పడానికి గ్రీకులో ఇంతకంటే గట్టి నిర్మాణం లేదు. ఇదే జంట నిషేధం, ఇదే క్రియతో, 4:48లోనూ ఉంది. అక్కడ తెలుగులో “మీరెంతమాత్రము నమ్మరు” అన్నారు. మత్తయి 24:35లో “ఏ మాత్రమును గతింపవు”. ఆ రెండు చోట్లా క్రియావిశేషణంతో పని జరుపుకున్నవాళ్లు తోమా దగ్గరికి వచ్చేసరికి క్రియనే రెట్టించారు. నా లెక్కలో ఇదే మంచి ఎంపిక. “ఎంతమాత్రము” అనేది ప్రసంగం చేసేవాడి మాట. “నమ్మనే నమ్మను” అనేది తలుపు దగ్గర నిలబడి మొండికేసినవాడి మాట.

ఇక విడగొట్టడం. నమ్మను + ఏ కాదు. పురుష మార్చి చూడండి: “అతడు నమ్మనే నమ్మడు” అంటాం, “నమ్మడే నమ్మడు” అనం. “వాళ్లు రానే రారు” అంటాం, “రారే రారు” అనం. రెండో ముక్క పురుషను బట్టి మారుతోంది, మొదటిది కదలడం లేదు. అంటే మొదటిది తుమర్థక రూపం (పురుషను బట్టి మారని, “నమ్మడానికి” లాంటి అర్థమిచ్చే క్రియారూపం): నమ్మన్ + ఏ, రాన్ + ఏ. ఉత్తమ పురుష ఏకవచనంలో మాత్రం నమ్మన్, నమ్మను ఒకేలా వినిపిస్తాయి. పొరపాటు అక్కడే పుడుతుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే వ్యతిరేకం లేని వాక్యం తీసుకోండి: “వాన రానే వచ్చింది”. ఇందులో నిషేధమే లేదు, అయినా “రానే” ఉంది.

ఇంకొకరు: “ఉంచితేనే గాని” గురించి కూడా ఒక మాట. ఈ “గాని” తర్వాత వ్యతిరేక క్రియ వచ్చి తీరాలి. ఈ మధ్య రాతల్లో “చూస్తే గాని నమ్ముతాను” అని కనబడుతోంది, అది తప్పు. “చూస్తే గాని నమ్మను”, లేదా “చూస్తేనే నమ్ముతాను”. రెండూ కలిపేస్తే వాక్యం విరుగుతుంది.

బిగ్గరగా చదివేవాళ్లు తడబడే చోటు మరొకటి ఉంది. పాత ముద్రణల్లో కొటేషన్ గుర్తులు ఉండవు, మాట మొదలయ్యే చోట ఒక గీత మాత్రమే ఉంటుంది. మాట ఎక్కడ ముగిసిందో సంధిని బట్టి పట్టుకోవాలి. “నమ్మననెను” అంటే నమ్మను + అనెను. “నమ్మన” అని ఆగి “నెను” అని అందుకుంటే అర్థం పోతుంది. “నమ్మనే నమ్మన్” దగ్గర లేశమాత్రం ఊది “అనెను” కలపాలి.

అడ్డు ప్రశ్న: ఇంత తెగేసి చెప్పినవాణ్ణి “సందేహపు తోమా” అని ఎందుకంటున్నాం? సందేహం అంటే అటో ఇటో తేలకపోవడం కదా?

జవాబు: ఆ బిరుదు మనకు ఇంగ్లీషు మీదుగా వచ్చిందండీ. యోహాను ఈ ఘట్టంలో సందేహం అనే మాట వాడలేదు. 27వ వచనంలో ఉన్నది “అపిస్తొస్”, తెలుగులో “అవిశ్వాసి”. సందేహించడానికి గ్రీకులో “దిస్తద్జో” అనే వేరే క్రియ ఉంది. అది మత్తయి 14:31లో నీళ్ల మీద మునుగుతున్న పేతురుకు, 28:17లో గలిలయ కొండ మీద కొందరికి వాడారు. తెలుగు అనువాదమూ ఆ రెండు చోట్లా “సందేహపడితివి”, “సందేహించిరి” అని తేడా నిలబెట్టింది. కాబట్టి మూలం ప్రకారం సందేహపడినవాడు పేతురు. తోమా షరతు పెట్టినవాడు.

ఆ షరతు కూడా అత్యాశేమీ కాదు. 20వ వచనంలో మిగతా శిష్యులకు చేతులూ ప్రక్కా చూపించాకే వాళ్లు సంతోషించారు. ఆ రోజు అక్కడ లేనివాడు తనకూ అదే కావాలన్నాడు, తాకి చూడటం ఒక్కటి అదనం. పైగా తోమా నిజంగా వేలు పెట్టాడని యోహాను రాయలేదు. 29వ వచనంలో “నన్ను చూచి నమ్మితివి” అనే ఉంది, “తాకి” అని లేదు. గాయంలో వేలు దూర్చినట్టు ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో గీసిన బొమ్మ ప్రసిద్ధమైంది గనక చాలామంది వచనంలోనూ అదే ఉందనుకుంటారు.

ఇంకొకరు: “మేకుల గురుతు” అన్న చోట ఆగండి. కొత్త నిబంధన మొత్తంలో “మేకు” అనే నామవాచకం (గ్రీకులో హేలొస్) ఈ ఒక్క వచనంలోనే, రెండు సార్లు వస్తుంది. సిలువ వేసిన ఘట్టాన్ని నలుగురు సువార్తికులూ రాశారు గాని మేకుల పేరెత్తలేదు. కొలొస్సయి 2:14లో మేకులతో కొట్టడం అనే క్రియ ఉంది, అక్కడ కొట్టింది పత్రాన్ని. చేతులకు మేకులని నోరు తెరిచి చెప్పింది తోమా ఒక్కడే, అదీ నమ్మనని చెబుతూ!

రెండోసారి వచ్చే “గురుతు” దగ్గర పాఠభేదం కూడా ఉంది. కొన్ని రాతప్రతుల్లో “తుపొన్” (గుర్తు) బదులు “తొపొన్” (చోటు) ఉంది, ఒక్క అక్షరం తేడా. పాత లాటిన్ బైబిలు అనువాదం వుల్గాతా ఆ రెండో పాఠాన్ని పట్టుకుని “మేకుల చోటులో” అంది. తెలుగు రెండు సార్లూ “గురుతు” అనే ఉంచింది. మేకు మాత్రం అచ్చ తెలుగు కాదు, పారసీ “మేఖ్” నుంచి వచ్చింది. మన మాట చీల.

ప్రశ్న: “దిదుమ అనబడిన తోమా” అని మూడు చోట్ల ఉంది (11:16, 20:24, 21:2). దిదుమ ఇంటిపేరా?

జవాబు: కాదండీ. తోమా అనేది అరమాయిక్ (యేసు కాలంలో అక్కడి వాడుక భాష) మాట, అర్థం కవల. దిదుమొస్ దాని గ్రీకు అనువాదం, అర్థం మళ్లీ కవలే. యోహాను తన గ్రీకు పాఠకులకు అర్థం చెప్పాడు, తెలుగు అనువాదం ఆ అర్థాన్ని పేరుగా మార్చేసింది. 1:42లో ఇదే అనువాదం “కేఫా అను మాటకు రాయి” అని విప్పింది. అదే పద్ధతిలో ఇక్కడ “కవల అనబడిన తోమా” అంటే సరిపోయేది. ఇది లోపమే, దాచుకోనక్కర్లేదు. అపొస్తలుల కార్యములు 28:11లో ఓడ మీద ఉన్న గ్రీకు కవల దేవతల బొమ్మకు “అశ్వినీ చిహ్నము” అని చక్కగా మన అశ్వినీ దేవతలను తెచ్చి పెట్టినవాళ్లు తోమా కవలతనాన్ని వదిలేశారు!

అసలు తోమా కూడా మారుపేరే. సిరియా సంప్రదాయంలో ఇతని పేరు యూదా తోమా, అంటే కవల యూదా. యోహాను 14:22లో “ఇస్కరియోతు కాని యూదా” ఉన్న చోట పాత సిరియాక్ (అరమాయిక్‌లోనే ఒక రూపం) ప్రతుల్లో ఒకటి “యూదా తోమా” అని, ఇంకొకటి “తోమా” అని రాసింది. ఎవరికి కవల అన్నది సువార్తలు చెప్పవు.

అడ్డు ప్రశ్న: “నా ప్రభువా, నా దేవా” (20:28) యేసును పిలవడం కాదు, ఆశ్చర్యంతో దేవుణ్ణి తలుచుకోవడమే అనే వాదన ఉంది. గ్రీకులో సంబోధన విభక్తి లేదట కదా?

జవాబు: నిజమే, “హొ కూరియొస్ మూ కై హొ థెఒస్ మూ” రూపంలో ప్రథమా విభక్తి. అయితే ఆ కాలపు గ్రీకులో ప్రథమతో పిలవడం మామూలే. మార్కు 15:34లో సిలువ మీది కేకనూ “హొ థెఒస్ మూ” అనే రాశారు, అది పిలుపు కాదని ఎవరూ అనరు. పైగా వచనంలో “ఆయనతో అనెను” అని ఉంది. ఎదుటివాడితో అన్న మాట అది.

తెలుగు ఇక్కడ ఒక మేలు చేసింది. “దేవుడు” సంబోధన రెండు రకాలు: దేవా, దేవుడా. “దేవుడా!” అంటే నిట్టూర్పు, బస్సు తప్పిపోయినప్పుడూ అంటాం. “దేవా” అంటే పిలుపు. “నా దేవుడా” అని వేసి ఉంటే మీరు చెప్పిన వాదనకు తెలుగే దారి ఇచ్చేది. మధ్యలో “కై” (మరియు) వదిలేయడమూ సరైనదే. తెలుగులో రెండు పిలుపుల మధ్య “మరియు” నిలవదు.

ఇంకొకరు: సిరియాక్ బైబిలు పెషిట్టాలో ఇదే మాట “మార్ వాలాహ్”. రాతలో చివర “నా” అనే అర్థమిచ్చే య ఉంటుంది, పలకరు. ఆ “మార్” అంటే “నా ప్రభువా”. కేరళ సిరియన్ క్రైస్తవులు బిషప్పుల పేర్ల ముందు పెట్టే “మార్” అదే, “మార్ తోమా”లో ఉన్నదీ అదే. క్రీ.శ. 52లో తోమా కొడుంగల్లూరు దగ్గర దిగాడనీ మైలాపూరులో చంపబడ్డాడనీ వాళ్ల సంప్రదాయం. తోమా యేసును పిలిచిన మాటనే తర్వాతివాళ్లు తోమా పేరు ముందు పెట్టారన్నమాట.

ప్రశ్న: రాసేటప్పుడు తోమా, తోమాసు, థామస్ – ఏది సరి?

జవాబు: ప్రొటెస్టెంట్ బైబిలు ప్రకారం తోమా, కతోలికుల వాడుకలో తోమాసు. చివరి సు గ్రీకు ప్రథమా ప్రత్యయం, అరమాయిక్‌లో లేదు. థామస్ ఇంగ్లీషు మీదుగా వచ్చింది, చెన్నై సెయింట్ థామస్ మౌంట్ లాంటి చోట అలాగే ఉంచండి. ఒకే వ్యాసంలో మూడూ కలపకండి, అచ్చు దిద్దేవాళ్లు ముగ్గురు మనుషులనుకుంటారు.