నలభై దాటాక ‘ఆ’ సమస్య వస్తే ముందు గుండె పరీక్షలా?

కాజీపేట_నైట్‌డ్యూటీ
వయసు 46. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. రోజుకు ఒక పెట్టె సిగరెట్లు తాగుతా. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు. హన్మకొండలో డాక్టరు దగ్గరికి పోతే గోళీ రాయకుండా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించుకొని రమ్మన్నాడు. నిజంగా అవసరమా, బిల్లు కోసమా?

ఓరుగల్లు_సూటి
బిల్లు కోసమే. నైట్ డ్యూటీలు, ఇంటి లోను, నిద్ర లేకపోవడం చాలవా? టెన్షన్ తగ్గించుకో అన్నా. ఇప్పుడు గుండె అని భయపెడితే ఉన్నది కూడా పోతుంది.

మందులషాపు_పెద్దన్న
సూటి తమ్మీ, టెన్షన్‌తో వచ్చేది వేరేగా ఉంటది. ఒక్కసారిగా మొదలవుతుంది, పొద్దున లేచేసరికి స్తంభన మామూలుగానే ఉంటది. మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, పొద్దున కూడా లేదంటే రక్తనాళాల సంగతి చూడాల్సిందే. అంగానికి పోయే నాళం వెడల్పు 1–2 మిల్లీమీటర్లు, గుండె నాళం 3–4. కొవ్వు ఒంట్లో అన్నిచోట్లా పేరుకుంటది, కానీ ముందు ఇబ్బంది పెట్టేది సన్న నాళమే. అందుకే చాలామందిలో ఛాతీ నొప్పి కంటే రెండు నుంచి ఐదేళ్ల ముందే ఇది బయటపడుతుంది. సిగరెట్, షుగర్ రెండూ నాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది ఆ పొరలోనే. దాని పని కనిపెట్టినవాళ్లకే 1998లో నోబెల్ ఇచ్చారు. స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్‌ను (వయాగ్రా) కూడా మొదట ఛాతీ నొప్పి మందుగానే పరీక్షించారు.

ఓరుగల్లు_సూటి
సరే పెద్దన్నా, మరి ప్రతివాడూ ఆంజియోగ్రాం చేయించుకోవాలా?

మందులషాపు_పెద్దన్న
ఆంజియోగ్రాం అని ఎవరన్నారు? ఆయన రాసినవి మామూలు పరీక్షలు. వాటిలో తేడా ఉంటే తర్వాతి మాట.

జగిత్యాల_దుబాయ్
నాకు బీపీ గోళీ వల్లే వచ్చిందని అనుమానం. అటెనొలాల్. అందుకే నెల నుంచి మానేసిన.

మందులషాపు_పెద్దన్న
అనుమానం తప్పు కాదు, కొందరిలో ఆ గోళీతో ఈ ఇబ్బంది ఉంటది. కానీ అటెనొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండె మీద పడుతుంది. ఈరోజే డాక్టరుకు ఫోన్ చెయ్ భయ్యా, వేరే గోళీకి మారుస్తారు.

కరీంనగర్_అక్క
భార్యలు కూడా చదువుతున్నాం ఇక్కడ. మా ఆయన బస్టాండు గోడ మీద ‘నరాల బలహీనత’ పోస్టర్ చూసి రహస్యంగా చూర్ణం తెచ్చుకున్నాడు. ఆయన డయాబెటిస్ మాత్రం ఆరేళ్ల నుంచి అదుపులో లేదు. డాక్టరు ముందు కూర్చుని ఒక్క మాట చెప్పడానికి అంత సిగ్గేంటి?

మందులషాపు_పెద్దన్న
అక్కా, అట్లాంటి మందులకు ప్రకటన వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం. ఆ చూర్ణాలు కొన్నింట్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలుపుతారు.

అసలు భయం అక్కడే. మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తా. పక్కన ఆడవాళ్లు వెళ్లేదాకా ఆగుతారు, ఫోనులో గోళీ ఫొటో చూపిస్తారు, చీటీ ఉండదు. మొన్న ఒకాయన అట్లనే సిల్డెనాఫిల్ అడిగిండు. చొక్కా జేబులోంచి సార్బిట్రేట్ స్ట్రిప్పు కనబడుతోంది, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునేది. ఆ రెండూ కలిస్తే బీపీ అమాంతం పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, అదే రకం గోళీ టడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ ముట్టొద్దు. ఈలోపు ఛాతీ నొప్పి వస్తే 108కు ఫోన్ చేసి, ఏ గోళీ ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పాలి. ఆయనకు ఇయ్యలేదు. కోపంగా పోయిండు, వేరే షాపులో కొన్నాడేమో.

ఓరుగల్లు_సూటి
బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వరకు ఒప్పుకుంటున్నా. రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కేవాడికి ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష కూడా అంటే మాత్రం ఒప్పుకోను.

కాజీపేట_నైట్‌డ్యూటీ
మా క్వార్టర్ రెండో అంతస్తే. మధ్యలో ఆగుతున్నా.

ఓరుగల్లు_సూటి
అయితే రేపు డ్యూటీ దిగి ఇంటికి పోకు అన్నా, ఏం తినకుండా నేరుగా ల్యాబుకు పో.