ఉగాది వేడుక: టోకెన్ల తెర, పార్కింగ్ తెరలకు రెడిస్ ఏర్పాటు

టెక్ టీమ్:
అందరికీ నమస్కారం. స్కూలు హాల్లో ఒక తెర మీద ఏ భోజనాల కౌంటర్లో ఏ టోకెన్ నడుస్తోందో, ఇంకో తెర మీద ఏ లాట్‌లో ఎన్ని ఖాళీలున్నాయో చూపిస్తాం. పది నిమిషాల కిందటి నంబరు తెర మీదే ఉండిపోతే పెద్దవాళ్లు లేచి వెళ్లి వరుసలో ఊరికే నిలబడాలి. దానికంటే నంబరు కనిపించకపోవడమే నయం. రెడిస్ అంటే విలువలను మెమరీలో దాచే డేటాబేస్ ప్రోగ్రాం. అందులో విలువ రాసేటప్పుడే గడువు పెట్టొచ్చు, గడువు దాటితే అదే పోతుంది. ఉబుంటు (ఒక రకం లినక్స్) లాప్‌టాప్‌లో, ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో రెడిస్-సర్వర్ ప్యాకేజీ వేస్తే చాలు. మన డేటా కొన్ని వందల కీలే (కీ అంటే ఒక్కో విలువకు పెట్టే పేరు), 64 ఎంబీ మెమరీ పరిమితి పెడితే ఎక్కువే.

గడువు పెట్టాల్సింది విలువ రాసే 'సెట్' కమాండ్‌లోనే, ఈఎక్స్ అని, ఎన్ని సెకన్లో తగిలించి. ముందు సెట్, తర్వాత విడిగా ఎక్స్‌పైర్ అని రెండు అడుగులుగా రాయొద్దు. మధ్యలో ప్రోగ్రాం ఆగితే ఆ కీ ఎప్పటికీ పోదు. ఇంకోటి: గడువున్న కీ మీద మామూలు సెట్ చేస్తే పాత గడువు ఎగిరిపోతుంది. అది నిలవాలంటే సెట్‌కు కీప్‌టీటీఎల్ తగిలించాలి, అది రెడిస్ 6.0 నుంచి ఉంది. అనుమానం వస్తే టీటీఎల్ (మిగిలిన గడువు చెప్పే కమాండ్) అడగండి: -1 వస్తే గడువు లేదని, -2 వస్తే కీయే లేదని.

భోజనాల టీమ్:
కౌంటర్ దగ్గరి ట్యాబ్లెట్ 15 సెకన్లకోసారి దానంతటదే నంబరు పంపుతుందని ముందు మీరన్నారు. వాలంటీరు బొబ్బట్ల ట్రే తేవడానికి వెళ్తే పాత నంబరే మళ్లీ మళ్లీ వెళ్తుంది కదండీ?

టెక్ టీమ్:
సరిగ్గా పట్టుకున్నారు. అలా చేస్తే ట్యాబ్లెట్ పనిచేస్తోందనే తెలుస్తుంది గానీ నంబరు సరైనదని కాదు. ఆటోమేటిక్‌గా పంపడం తీసేద్దాం. 'తర్వాతి టోకెన్' బటన్ నొక్కినప్పుడే రాస్తాం, గడువు 180 సెకన్లు. మూడు నిమిషాలు ఎవరూ నొక్కకపోతే తెర మీద నంబరు బదులు గీత పడుతుంది, ఫ్లోర్ టీమ్ వెళ్లి చూడాలి.

టోకెన్లు ఇచ్చే లెక్కకు మాత్రం గడువు అసలు పెట్టొద్దు. కీ పోయాక 'ఇంకర్' (లెక్కకు ఒకటి కలిపే కమాండ్) చేస్తే రెడిస్ మళ్లీ 1 నుంచి మొదలుపెడుతుంది, ఇద్దరి చేతుల్లో ఒకటే నంబరు ఉంటుంది. ఈ ఒక్క కీ కోసమే ఏఓఎఫ్ (ప్రతి రాతనూ డిస్క్ మీద ఉంచే పద్ధతి) ఆన్ చేయాలి. ఎవ్రీసెక్, అంటే సెకనుకోసారి డిస్క్‌కు ఎక్కించే అమరికలో కరెంటు పోయినా పోయేది దాదాపు ఒక సెకను రాతలే. అయినా మళ్లీ మొదలుపెట్టాక చివరిగా ఇచ్చిన చీటీతో సరిచూడండి.

పార్కింగ్ టీమ్:
మా దగ్గర రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఉంది, అది వాడొచ్చా?

టెక్ టీమ్:
వద్దండి. దాంట్లో సొంత గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చి, అప్పుడు ఇంటర్నెట్ లేకపోతే టైము వెనక్కి ఉండిపోతుంది. రెడిస్ గడువును ఎన్ని సెకన్లని కాదు, ఫలానా సమయానికి అని దాచుకుంటుంది. గడియారం వెనకబడితే పోవాల్సినవి పోవు. లాప్‌టాప్‌కు బ్యాటరీ కూడా ఉంటుంది.

స్కూలు గెస్ట్ వైఫైని నమ్మొద్దు. చాలాచోట్ల అందులో ఒక పరికరం ఇంకోదాన్ని చూడలేదు. మన రౌటర్ తీసుకెళ్దాం. రెడిస్ వాడే 6379 పోర్టు లాప్‌టాప్ లోపలికే పరిమితం. ట్యాబ్లెట్లు మాట్లాడేది అదే లాప్‌టాప్‌లోని చిన్న వెబ్ సర్వర్‌తో, ఆ సర్వరే రెడిస్‌కు రాస్తుంది. తెర కూడా 5 సెకన్లకోసారి ఆ వెబ్ సర్వర్‌నే అడుగుతుంది. గడువు తీరిందన్న నోటిఫికేషన్ మీద ఆధారపడొద్దు. అది కీని నిజంగా చెరిపినప్పుడు వస్తుంది, గడువు తీరిన క్షణానే రావాలని లేదు.

రిజిస్ట్రేషన్ టీమ్:
పిల్లలు తప్పిపోతే ప్రకటన కూడా ఇందులోనే పెడదామా?

టెక్ టీమ్:
వద్దు. బిడ్డ అమ్మ చేతికి చేరేదాకా అది తెర మీద నుంచి పోకూడదు. దాన్ని వేదిక మైకు దగ్గరి వాలంటీరు చేత్తోనే పెట్టాలి, చేత్తోనే తీయాలి.

శనివారం సౌండ్ చెక్ అప్పుడు ఒక ట్యాబ్లెట్ వైఫై ఆపి, మూడు నిమిషాల్లో గీత పడుతుందో లేదో చూద్దాం. రౌటర్, ఎక్స్‌టెన్షన్ బాక్సులు రెండు ఎవరు తెస్తారో కింద రాయండి.