‘కల్కి’ని సైన్స్ ఫిక్షన్ అనొచ్చా?

నల్లకుంట ప్రేక్షకుడు:
మా అపార్ట్‌మెంట్ హాల్లో నెలనెలా సినిమాలు వేస్తుంటాం. వచ్చే నెల సైన్స్ ఫిక్షన్ వేద్దామనుకున్నాం. ‘ఆదిత్య 369’ (1991)కి అందరూ సరే అన్నారు. ‘కల్కి 2898 ఏడీ’ (2024) దగ్గరికొచ్చేసరికి గొడవ మొదలైంది. ‘అశ్వత్థామ నడిచొచ్చేది సైన్స్ ఫిక్షన్ ఎట్లా అవుతుంది? శివరాత్రి జాగారానికి వేసుకోండి’ అని ఒక పెద్దాయన పట్టుబట్టారు. నాకైతే వేయాలనే ఉంది. మీరేమంటారు?

అబిడ్స్ ఆదివారం:
పెద్దాయనదే కరెక్టు. ఎగిరే బండ్లు, మాట్లాడే కారు పైపై సోకులు. కథను నడిపేది శాపమూ అవతారమూ. అశ్వత్థామ ఆరు వేల ఏళ్లు ఎలా బతికాడయ్యా అంటే, కృష్ణుడు శపించాడు కాబట్టి. ఇక ప్రశ్నలు బంద్. (మాటలో మాట, వ్యాసభారతం సౌప్తిక పర్వంలో ఆ శాపం మూడు వేల ఏళ్లే!)

మాదాపూర్ టెస్టర్:
అన్నా, అన్నిటికీ వివరణ కావాలంటే ముందు టైం మెషీనే ఎగిరిపోతుంది. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవల్లో ఆ యంత్రం నమూనా ఎలా ఉంటుందో చూడు. కాస్త ఏనుగు దంతం, కాస్త స్ఫటికం, రెండు మీటలు. ఒకటి నొక్కితే భవిష్యత్తుకు, రెండోది నొక్కితే వెనక్కి. కాలం నాలుగో కొలత అని ఒక ఉపన్యాసం దంచి బండి లాగించేశాడు. ‘ఆదిత్య 369’లో టైం మెషీన్ చేసిన మన ప్రొఫెసర్ రాందాస్‌ని మాత్రం ఎవరైనా సర్క్యూట్ చూపించమన్నారా?
వివరణ ఇచ్చి చెడగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ‘స్టార్ వార్స్’లో 1977 నుంచి హాయిగా నడిచిన ‘ఫోర్స్’ అనే అతీత శక్తిని 1999లో కణాల్లోని సూక్ష్మజీవుల లెక్కకు తెచ్చారు. ఫ్యాన్స్‌కి ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మలక్‌పేట మాస్టారు:
ఇద్దరూ వివరణ దగ్గరే ఆగిపోయారు. నేను చూసేది వేరు. కథలోని జోస్యాన్ని ‘ఎవరు పుట్టించారు, ఎవరి లాభానికి?’ అని అడిగే వీలుందా?
ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ (1965) తీసుకోండి. అందులోనూ ఎడారి జనం రక్షకుడి కోసం కాచుకుని ఉంటారు. కానీ ఆ నమ్మకాన్ని అక్కడ నాటింది బెనె గెసెరిట్ అనే ఆడవాళ్ల వర్గం, తమవాళ్లెవరైనా ఎప్పుడైనా ఇరుక్కుంటే పనికొస్తుందని. తమకు కావలసిన మనిషి పుట్టాలని తరాల తరబడి సంబంధాలు కుదిర్చింది కూడా వాళ్లే. మతాన్నే పనిముట్టుగా వాడారు. అందుకే ఎన్ని జోస్యాలున్నా అది సైన్స్ ఫిక్షనే. కల్కిలో ఆ ప్రశ్నకు చోటు లేదు. కల్కి పుడతాడని శంబల అనే రహస్య నగరంలో ఎదురుచూసేవాళ్లు నమ్మింది నిజం, అంతే.
అలాగని సినిమా మొత్తాన్ని తీసిపారేయలేను. నీళ్లూ పచ్చదనమూ తలకిందుల పిరమిడ్‌లో, కింద కాశీలో దుమ్ము. పైకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. లోపల ల్యాబులో గర్భవతుల నుంచి సీరం తీస్తుంటారు. వాళ్లకు పేర్లు లేవు, నంబర్లే. ఆ భాగం అచ్చమైన సైన్స్ ఫిక్షన్. అది చూస్తున్నంతసేపూ నాకు కడుపులో తిప్పింది. అశ్వత్థామ లేవగానే హాలంతా ఈలలు, నా టెన్షన్ కాస్తా గాలికిపోయింది.

అబిడ్స్ ఆదివారం:
మాస్టారూ, ఆ గర్భవతుల్లో ఒకరికి పుట్టబోయేది కల్కి అని మనకు ముందే తెలుసు. ఇక అది ల్యాబెందుకవుతుంది? కంసుడి చెరసాల. కత్తి బదులు సిరంజి పట్టుకున్నారంతే.

మాదాపూర్ టెస్టర్:
అదే పెద్ద తేడా అన్నా! కంసుడు బిడ్డల్ని చంపి ప్రాణం కాపాడుకోవాలనుకున్నాడు. ఆ పిరమిడ్‌ను ఏలే యాస్కిన్ ఆ బిడ్డ శక్తిని ఒంట్లోకి ఎక్కించుకుంటాడు. బిడ్డను మందుగా వాడుకోవచ్చన్న ఆలోచన రావాలంటే ల్యాబు ఉండాల్సిందే.

మలక్‌పేట మాస్టారు:
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా, కానీ సగమే. ఈలల భాగం అలాగే ఉంది.

నల్లకుంట ప్రేక్షకుడు:
కంసుడి మాట పెద్దాయనకు చదివి వినిపించాను. ‘చూశావా, నేనన్నదే!’ అన్నారు. కింద వచ్చిన జవాబు వినకుండానే లిఫ్ట్ ఎక్కేశారు. ‘ఆదిత్య 369’ మాత్రం ఖాయం. కల్కి మీద ఆదివారం చేతులెత్తిస్తాం.