అప్‌డేట్: కొత్త అల్మరా, చొక్కాల ఘాటు వాసన

కొత్త చెక్క అల్మరా నుంచీ, ముడతలు పడని రకం చొక్కాల నుంచీ వచ్చే ఘాటు వాసన ఎలా పోతుందని ఇదివరలో అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చొక్కాల సంగతి తేలికగానే తేలింది: ముడతలు పడకుండా వాటికి పూతగా పట్టించిన రెజిన్‌లో మిగిలిపోయే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు నీటిలో కరుగుతుంది కనుక, ఉతికేకొద్దీ వాసన పోయింది. అల్మరా మాత్రం మొండికేసింది. దాన్ని చేసిన పార్టికల్ బోర్డులోని (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వేడికీ తేమకూ ఆ వాయువును మరింతగా వదులుతుందని తెలిశాక, తలుపులు బార్లా తెరిచి ఫ్యాను గాలి తగలనిచ్చాను. లామినేట్ అతికించకుండా వదిలేసిన వెనుక అంచుల దగ్గర ముక్కు పెడితే కళ్లు మండేవి. అక్కడ సీలర్ (సందులు మూసే పూత) పూసి ఆరనిచ్చాక ఘాటు బాగా తగ్గింది. రూమ్ ఫ్రెష్‌నర్ వాసనను కప్పిపుచ్చేదే గాని తగ్గించేది కాదు, నా దృష్టిలో దండగ. పసిపిల్లల బట్టలు మాత్రం ఇంకా అందులో సర్దడం లేదు.