ఎక్కడం పర్లేదు, దిగేటప్పుడే కాళ్లు వణుకుతున్నాయి. కొండకు ట్రైనింగ్ ఎలా?

బల్లపరుపు:
నమస్తే అండీ. ఇంకో నాలుగు నెలల్లో నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ కిలిమంజారో వెళ్తున్నాం, 5,895 మీటర్లు. తాళ్లు పట్టుకుని ఎక్కే పని లేదు, నడకే అంటున్నారు, కాబట్టి టెన్షనంతా ఒంటి గురించే. 5 కి.మీ. పరుగు అలవాటుంది, జిమ్‌లో బరువుతో స్క్వాట్స్ కూడా చేస్తాను. అయినా మొన్న ఒక గుట్ట ఎక్కి దిగితే, ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు గానీ దిగేటప్పుడు సగం దారిలోనే తొడలు వణకడం మొదలైంది, రెండో రోజుకి కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊనుకోవాల్సి వచ్చింది. మేముండే చోట కొండల్లేవు, ఉన్నదల్లా అపార్ట్‌మెంట్ మెట్లే. వీటితో పనవుతుందా? ఇంకోటి, మూతికి కట్టుకునే ట్రైనింగ్ మాస్క్ వాడితే పైన పలచటి గాలికి ముందే అలవాటు పడతామని ఒక ఫ్రెండ్ గట్టిగా చెబుతున్నాడు, నిజమేనా?

మెట్లపిచ్చి:
ఇందులో వింతేం లేదు బ్రో. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలి, అంటే బ్రేక్ పని. దానికి కండరం పోగులు లోలోపల దెబ్బతింటాయి, అందుకే నొప్పి ఆ పూట కాకుండా ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. చదును మీద పరుగులో ఈ పని తక్కువ. కాకపోతే ఒళ్లు దీనికి త్వరగానే అలవాటు పడుతుంది, కొన్ని వారాల్లోపు మళ్లీ అదే పని చేస్తే నొప్పి చాలా తగ్గిపోతుంది.

మెట్లు చాలు. మెట్టు అంచున ఒక కాలి మీద నిలబడి, రెండో కాలి మడమ కింది మెట్టుకు తగిలేదాకా మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ దిగండి, తగిలీ తగలగానే దాని మీద బరువు వెయ్యకుండా మళ్లీ పైకి లేవండి. మోకాలు లోపలికి వాలుతోందేమో అద్దంలో చూసుకోవాలి, అది కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. వాలుతోందంటే చాలాసార్లు తుంటి పక్క కండరాల్లో బలం చాలట్లేదని అర్థం, అది సరయ్యేదాకా బరువు జోలికి పోవద్దు. జిమ్‌లో పెద్ద బరువులెత్తేవాళ్లు కూడా ఈ చిన్న పని దగ్గర బిక్కమొహం వేస్తారు, నేను చూశాను.

తర్వాత బ్యాగ్‌తో మెట్లు. నీళ్ల సీసాలు పెట్టుకోండి, లీటరుకు కిలో, లెక్క తేలిక. హిప్ బెల్ట్ తుంటి ఎముక మీద బిగిస్తే భుజాలు లాగవు. పైకెక్కాక నీళ్లు పారబోసి ఖాళీ బ్యాగ్‌తో దిగితే మోకాళ్లు బతుకుతాయి. అంతస్తు 3 మీటర్లనుకుంటే 100 అంతస్తులకు 300 మీటర్లు ఎక్కినట్టు.

నిదానం:
పై రిప్లై బాగుంది, ఒక్క సవరణ. నీళ్లు పారబోయడం మొదటి నెలకు సరే, చివరిదాకా అదే చేస్తే దిగడానికి ట్రైనింగ్ ఎక్కడైనట్టు? శిఖరం రోజు లెక్క చూడండి. లెమోషో లాంటి రూట్లలో శిఖరానికి ముందు ఆఖరి మజిలీ బరాఫు క్యాంప్, అది సుమారు 4,670 మీటర్ల దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి ప్రాంతంలో బయలుదేరి అక్కడి నుంచి 1,200 మీటర్ల పైచిలుకు ఎక్కుతారు, మళ్లీ అదే రోజు చాలామందిని 3,100 దగ్గరున్న మ్వేకా క్యాంప్ దాకా దింపేస్తారు. ఎక్కినదానికి రెట్టింపు కంటే ఎక్కువ దిగాలి, అదీ నిద్ర లేకుండా. కాబట్టి రెండో నెల నుంచి కొంచెం కొంచెంగా బరువుతోనే దిగండి. 20 కిలోలు అక్కర్లేదు, అక్కడ పెద్ద సామాను పోర్టర్లు మోస్తారు, మీ వీపు మీద ఉండేది నీళ్లు, జాకెట్లు, ఆరేడు కిలోలు.

పరుగు రొప్పుతూ చేస్తున్నారా, హాయిగా చేస్తున్నారా చెప్పలేదు. రొప్పుతూ అయితే వేగం తగ్గించి సమయం పెంచండి. పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగే వేగంలో గంటలకొద్దీ కదిలితే కండరాల్లో మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసేవి), సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. వారానికొకసారి బ్యాగ్‌తో పెద్ద నడక పెట్టుకోండి, రెండు గంటలతో మొదలెట్టి మెల్లగా ఐదారుకు తీసుకెళ్లండి, కొండకు వేసుకెళ్లే బూట్లతోనే. మూడు నాలుగు వారాలకోసారి ఒక వారం తేలిగ్గా, చివరి పది రోజులు మరీ తేలిగ్గా. ఆఖర్లో కంగారుపడి ఎక్కువ చేసేవాళ్లే అలసిపోయి కొండెక్కుతారు.

పలచగాలి:
మాస్క్ డబ్బు దండగ. ఎత్తుకు పోయినా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే, తగ్గేది గాలి పీడనం. మీరు వెళ్లే శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉండేదానికి సగం కంటే కాస్త తక్కువ. మాస్క్ ఊపిరి పీల్చే దారిని ఇరుకు చేస్తుందంతే, పీడనాన్ని మార్చదు.

ఇక్కడ అందరూ కాళ్ల గురించే మాట్లాడుతున్నారు గానీ, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ఫిట్‌నెస్ అడ్డుకట్ట కాదు. దమ్మున్నవాళ్లు వేగంగా ఎక్కేసి తలనొప్పి, వాంతులతో పడిపోవడం మామూలే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెరగకూడదని వైద్యులు చెప్పే లెక్క. మరంగు రూట్‌లో ఐదు రోజుల ట్రిప్ అయితే రాత్రులు దాదాపు 2,700, 3,700, 4,700 మీటర్ల దగ్గర. చూసుకోండి మరి. లెమోషో రూట్‌లో ఏడెనిమిది రోజులది నయం. పైన తలనొప్పి, వికారం ఉంటే ఇంకా ఎక్కొద్దు. తాగినట్టు తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగిపోవాలి, రాత్రయినా సరే. ముందుజాగ్రత్త మందుల సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

బల్లపరుపు:
అందరికీ థాంక్స్. మాస్క్ క్యాన్సిల్. మరంగు ఐదు రోజులదే అనుకున్నాం, ఇంకా డబ్బు కట్టలేదు లెండి, ఫ్రెండ్స్‌తో మళ్లీ కూర్చుంటాను. మెట్టు అంచు వ్యాయామం ఇప్పుడే చేసి చూశాను, ఎడమ మోకాలు లోపలికి పోతోంది. ట్రెక్కింగ్ పోల్స్ వాడితే కాళ్లకు బలం రాకుండా పోతుందా?

మెట్లపిచ్చి:
కొండ మీద వాడండి, ఇంటి మెట్ల మీద వద్దు. దిగేటప్పుడు పోల్ పొడవు కాస్త పెంచి, అడుగు పడే ముందే కిందికి ఆనించాలి. మోకాలికైతే, మోకాళ్ల పైన రబ్బరు బ్యాండ్ వేసుకుని కాస్త వంగి పక్కకు అడుగులు వెయ్యండి, మెట్టు ఎత్తు కూడా తగ్గించండి, పలచటి పలక చాలు. కొన్ని వారాలైనా సరికాకపోతే ఫిజియోకు చూపించండి. నొప్పి ఉంటే మాత్రం అంతదాకా ఆగొద్దు.