రాజు లేనప్పుడు ప్రజలు ఎక్కడుంటారు? – పీఠికలోని ఒక మాట గురించి

అశోక్‌నగర్ నుంచి, చర్చ మొదలుపెట్టినవారు:

గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు నేను తెలుగు చెబుతాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని సాయంత్రం మా క్లాసుకొచ్చేవాళ్లే ఎక్కువ. మొన్న రాజ్యాంగ పీఠిక చదివిస్తుంటే ఒకమ్మాయి ఆపి అడిగింది: "అక్కా, హిందీల 'హమ్, భారత్ కే లోగ్' అని ఉంది. లోగ్ అంటే మనుషులు. మనకేమో 'ప్రజలమైన మేము' అని ఉంది. ప్రజలంటే రాజు కింద ఉండేటోళ్లు కదా? రాజే లేనప్పుడు ప్రజలు ఎట్లుంటరు?"

వాడుకలో అర్థం మారిందని చెప్పి దాటేశాను. దాటేసినందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటోంది. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. ఇక్కడ నిజాం ఏలిన హైదరాబాద్‌లో మాత్రం 1948 సెప్టెంబరు 17 దాకా మన పెద్దవాళ్లు అక్షరాలా ఒక రాజుకు ప్రజలే. ఆ మాటనే తెచ్చి ప్రజాస్వామ్యం అని ఎలా పెట్టుకున్నాం? వేరే మాట వెతుక్కోవాల్సిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మలక్‌పేట మాస్టారు:

అమ్మా, ప్రజ అన్న మాటలో మొదట రాజు లేడు. ప్ర ఉపసర్గ, జన్ ధాతువు. పుట్టినది, సంతానం అని అర్థం. రోజూ తెల్లవారకముందే చెవిన పడే "కౌసల్యా సుప్రజా రామ"లో ఉన్నది ఆ ప్రజే. తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళ్తున్న శిష్యుడికి గురువు చెప్పే "ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః"లో ఉన్నదీ అదే. వంశపు దారం తెగనీయకు అని.

రాజును తండ్రి అనుకున్నాక జనం పిల్లలయ్యారు. "ప్రజలను కన్నబిడ్డల్లా పాలించాడు" అని మనం చిన్నప్పుడు కథల్లో చదువుకున్నది ఈ అర్థమే. చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ బిడ్డలకు ఈడు రావడం ఏ కథలోనూ చూడలేదు.

ఇక స్వామ్యం. స్వం అంటే తనది. మన 'సొమ్ము' దాని తద్భవమే. స్వామి అంటే సొంతదారు. కాబట్టి ప్రజాస్వామ్యం అన్నప్పుడు బిడ్డ అనిపించుకున్నవాడే ఇంటికి హక్కుదారు అవుతున్నాడు. ఇంత తిరుగుబాటు ఒక్క సమాసంలో ఇమిడింది. హిందీవాళ్లు వాడే లోకతంత్రం మంచి మాటే, కానీ అందులో ఈ కథ లేదు. నా మటుకు నేను మార్చను.

నల్గొండ బిడ్డ, ఉండేది ఎల్బీనగర్:

సార్ సంస్కృతం దిక్కు నుంచి చెప్పిన్రు, నేను ఉర్దూ దిక్కు నుంచి చెప్త. మన 'రైతు' గూడ గిదే తొవ్వల వచ్చిన మాట. అరబ్బీల రఈయత్ అంటె కాపరి మేపే మంద. ఆ మాటనే పాలకుని కింద ఉండేటోనికి పెట్టిన్రు. మనకాడికి వచ్చేసరికి శిస్తు కట్టేటోడు, భూమి దున్నేటోడు అయిండు. ఉర్దూల మాత్రం రెండు మాటలు విడివిడిగ ఉన్నయి. రాజు కింద ఉంటె రిఆయా, ఓటు ఏస్తె అవామ్. పాతబస్తీల మీటింగు పెట్టినోళ్లు అవామ్ అనే పిలుస్తరు. మనం రెండింటికీ ఒక్క మాటనే మోస్తున్నం.

మా నాయనమ్మ కాలంల దొర ఎదురుపడితె "నీ బాంచెన్ దొర, కాల్మొక్త" అనాలె. గవే నోళ్లు తొలి ఎన్నికలల్ల లైన్ల నిలబడ్డయి. అక్షరం ముక్క రానోళ్లే ఎక్కువ గనుక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉండె, అందుకే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్) పేరు మీద నిలబడ్డరు. నల్గొండ పార్లమెంటు సీటుల రావి నారాయణరెడ్డి గారికి 3 లక్షలకు పైన ఓట్లు పడ్డయి. నెహ్రూ గారికి పడ్డ ఓట్ల కన్న ఎక్కువ. సాయుధ పోరాటం ఆపేసి అప్పటికి ఏడాది గూడ కాలే.

ఇంకో సంగతి చెప్పాలె. గప్పటికి నిజాం ఎటూ పోలే. కింగ్ కోఠిలనే ఉన్నడు, రాజప్రముఖ్ హోదాల, అంటె గవర్నర్ లెక్క, 1956 దాక. ఆయన రిఆయా ఏసిన ఓట్లతోనే 175 సీట్ల అసెంబ్లీ ఏర్పడ్డది. 1952 మార్చిల బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయిన్రు. అక్కా, ఆ అమ్మాయికి గీ ముచ్చట చెప్పున్రి. ప్రజ అన్న మాటకు కొత్త అర్థం ఏ నిఘంటువుల రాలే, గా లైన్లల్ల వచ్చింది.

విద్యానగర్ సభ్యుడు:

ఆ అమ్మాయికి వచ్చిన సందేహం నేపాల్‌లో ఏకంగా రాజకీయమే అయింది. 1990లో రాజుండగానే బహుళపార్టీ పాలన వచ్చినప్పుడు వాళ్లు వాడింది 'ప్రజాతంత్ర'. 2006 ఉద్యమం తర్వాత 'లోకతంత్ర' అన్న మాట పట్టుబట్టి వాడారు, ప్రజ అంటే రాజు ప్రజ గనుక. 2008లో రాచరికమే పోయింది. అటు బంగ్లాదేశ్ మాత్రం తన అధికారిక పేరులోనే ప్రజాతంత్రాన్ని పెట్టుకుంది. కన్నడంవాళ్లది ప్రజాప్రభుత్వ, మలయాళంవాళ్లది జనాధిపత్యం, మరాఠీవాళ్లది లోక్‌శాహీ. నాకైతే 'జనం' బాగుంటుందనిపిస్తుంది. జనంలో రాజూ లేడు, తండ్రీ లేడు.

అశోక్‌నగర్, మళ్లీ:

అందరికీ దండాలు. తమ్ముడూ, జనం విషయంలో నేను ఒప్పుకోను. జనం తిరునాళ్లకూ వస్తారు, బస్సులోనూ ఉంటారు. ఒకప్పుడు ఎవరి కింద ఉండేవాళ్లమో ఆ మాట చెప్పదు. ప్రజ చెబుతుంది, నాకు అది కావాలి.

మీవన్నీ చదివాక పీఠికను మళ్లీ ముందు పెట్టుకుని వ్యాకరణం చూశాను. రాజుల కథల్లో ప్రజలు ఎప్పుడూ ప్రథమ పురుషలోనే ఉంటారు, చాలాసార్లు ద్వితీయా విభక్తిలో: ప్రజలను పాలించాడు, ప్రజలను కాపాడాడు, ప్రజలను పీడించాడు. మంచి రాజైనా చెడ్డ రాజైనా 'ను' పోదు. పీఠికలో అది 'ప్రజలమైన' అయింది. మన భాషలో నామవాచకానికి కూడా ఉత్తమ పురుష ప్రత్యయం చేరుతుంది కదా: రైతులం, కూలీలం, ఆడవాళ్లం. ప్రజలకు ఆ 'ము' చేరడమే నా దృష్టిలో పెద్ద సంగతి. హిందీలో 'హమ్' పక్కన కామా పెట్టి 'లోగ్' అనాల్సి వచ్చింది. మనకు ఆ 'మేము' మాట లోపలికే వచ్చింది.

చివర 'మాకు మేము' దగ్గర క్రియ చూడండి. అందులో 'కొను' ఉంది. ఒకరు ఇస్తే పుచ్చుకోవడం కాదు, ఇచ్చుకోవడం. హైదరాబాద్ విషయంలో దీనికి ఇంకో బరువుంది. భారత రాజ్యాంగమే ఇక్కడా వర్తిస్తుందని నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా ఇచ్చాడు. మూడు రోజులకే, 26న, రాజ్యాంగ సభ ఆ రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఒకే పుస్తకం మన ఊరికి ఒకవైపు రాజు 'ఇచ్చిన'ట్టుగా, ఇంకోవైపు మేము 'ఇచ్చుకున్న'ట్టుగా వచ్చింది. ఇన్నేళ్లయినా పేపర్లు "జిల్లాపై వరాల జల్లు" అని రాస్తుంటే నాకు బాధేస్తుంది. రోడ్డు వేయడం, బడి కట్టడం వరమెలా అవుతుంది? వరమిచ్చేవాడు స్వామి. మరి స్వామ్యం ఎవరిదన్నారు? 2023 డిసెంబరులో బేగంపేటలో ప్రజాదర్బార్ అని మొదలైన, సర్కారు అర్జీలు తీసుకునే కార్యక్రమం ప్రజావాణి అయినప్పుడు మాత్రం సంతోషపడ్డాను. దర్బారులో కొలువుండేది ఒకరు. వాణి మనది.

ఒక సాయం చేయండి. 1948కి ముందు రాసిన అర్జీలు, ఆ తర్వాత పదేళ్లలో రాసినవి మీ ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల్లో ఉంటే మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. "దివ్య సముఖమునకు" అని మొదలై "తమ విధేయుడు" అని ముగిసేవి ఎప్పటిదాకా నడిచాయో, 'మేము' అని రాయడం ఏ సంవత్సరం నుంచి కనబడుతుందో చూడాలని ఉంది. శనివారం క్లాసులో ఆ అమ్మాయి చేతే చదివిస్తాను.